మనోవ్యాధికి జంతువుల తోడు

గుడ్లగూబ ఇంటికప్పుపై వ్రాలి కూసినచో కీడు మూడునని మన పల్లెలలో నేటికిని కొందరు నమ్ముదురు. దాని కూత వినబడగానే రాయి విసరి తరుముటయు కలదు. అట్టి పక్షిని ఒక ఆంగ్ల యువతి నాలుగేండ్లపాటు ఇంటిలో పెంచి, బయటికి పోవునప్పుడు జేబులో పెట్టుకొని తిరిగెను. ఆమె ఎవరో కాదు, రోగి పరిచర్యను ఒక శాస్త్రముగా తీర్చిదిద్దిన ఫ్లోరెన్సు నైటింగేలు.

1850లో ఆమె వయస్సు ముప్పది సంవత్సరములు. నర్సు కావలెనని ఆమె పట్టుదల; కలవారి పిల్లకు ఆ పని తగదని ఇంటివారి అభ్యంతరము. ఈ సంఘర్షణలో ఆమె మనస్సు మిక్కిలి క్రుంగియుండెను. స్నేహితులు ఆమెను ఈజిప్టు, గ్రీసు దేశముల యాత్రకు తోడ్కొనిపోయిరి. ఏథెన్సు నగరములో, పార్థెనాన్ ఆలయ శిథిలముల చెంత, కొందరు బాలురు ఒక గుడ్లగూబ పిల్లను పట్టుకొని హింసించుచుండగా ఆమె చూచి దానిని విడిపించెను. గ్రీకుల జ్ఞానదేవత పేరిట దానిని ‘ఏథీనా’ అని పిలిచెను. ఆ పక్షి శాస్త్రీయ నామము ఏథీనీ నాక్టువా. మన చింతచెట్ల తొర్రలలో కాపురముండు చుక్కల చిన్న గుడ్లగూబ ఏథీనీ బ్రామా. రెండును ఒకే ప్రజాతికి చెందిన దగ్గరి చుట్టములు.

1854లో క్రిమియా యుద్ధమున గాయపడిన సైనికులకు పరిచర్య చేయుటకై నైటింగేలు టర్కీకి బయలుదేరవలసి వచ్చెను. ఇల్లంతయు ప్రయాణ సన్నాహములలో మునిగియుండగా పక్షిని అటకపై విడిచిరి. ఎలుకలను పట్టుకొని బ్రతుకునులే అని అనుకొనియుందురు. కాని పిల్లనాటి నుండి మనిషి చేతి మేతకు అలవాటుపడిన ఆ పక్షి తనంత తాను బ్రతుకలేక చనిపోయినది. ఆమె సోదరి మరుసటి ఏట ఆ పక్షి జీవితమును గూర్చి బొమ్మలతో ఒక చిన్న పుస్తకము వ్రాసెను. పక్షి దేహమును పాడుకాకుండ చేసి భద్రపరచిరి. లండనులోని నైటింగేలు మ్యూజియములో దానిని చూడవచ్చును.

క్రుంగిన మనిషికి ఒక వింత ప్రాణి ఊరట కలిగించినదన్నది ఈ కథలో ఒక వైపు. మనిషికి అవసరము తీరిననాడు ఆ ప్రాణికి ఏమి గతి పట్టినదన్నది రెండవ వైపు. నేడు అమెరికా మొదలగు దేశములలో ‘ఎమోషనల్ సపోర్ట్ యానిమల్’ అను మాట తరచుగా వినబడుచున్నది. మనము దానిని ఓదార్పు జంతువు అనుకొందము. కుక్క, పిల్లి అయినచో ఎవరికిని పేచీ లేదు. నెమలి, పాము, మొసలి వంటివి మనోవ్యాధిగ్రస్తునకు తోడుగా ఉండదగునా అన్నదే వివాదము. ఈ వివాదము కొత్తదివలె కనిపించును గాని, దీని వేళ్లు రెండు వందల ఏండ్ల వెనుక ఉన్నవి.

పద్దెనిమిదవ శతాబ్దములో ఐరోపాలోని పిచ్చాసుపత్రులు చెరసాలలకు తీసిపోయెడివి కావు. రోగులను గొలుసులతో బంధించుట, చన్నీళ్లలో ముంచుట, రక్తము తీయుట చికిత్సలుగా చెల్లుచుండెను. 1790లో ఇంగ్లండులోని యార్కు నగరపు పిచ్చాసుపత్రిలో చేరిన ఒక క్వేకరు మతస్థురాలు కొలది వారములకే మరణించినది. ఆమెను చూచుటకు వచ్చిన స్వమతస్థులను లోనికి రానీయలేదు. ఇది క్వేకర్ల మనస్సును కలచివేసినది. వారిలో తేయాకు వర్తకుడైన విలియం ట్యూకు పూనుకొనగా, 1796లో అదే యార్కులో ‘రిట్రీట్’ అను పేర ఒక కొత్త చికిత్సాలయము తెరువబడినది. అక్కడ రోగిని మనిషిగా చూచిరి. తోటపని, కుట్టుపని, మర్యాదగా తేనీటి విందు, ఇవియే అక్కడి ముఖ్యమైన మందులు.

ట్యూకు మనుమడు శామ్యూల్ ట్యూకు 1813లో ఆ సంస్థను వర్ణించుచు ఒక గ్రంథము ప్రచురించెను. అందులో ఒక చిన్న సంగతి మనకు ముఖ్యము. రోగులు తిరుగాడు ముంగిళ్లలో కొన్ని జంతువులను విడిచియుంచిరని ఆయన చెప్పెను. కుందేళ్లు, కోళ్లు ఉన్నవనిన ఆశ్చర్యము లేదు. వాటితోపాటు సముద్రపు కాకులు, డేగలు కూడ ఉండెను! వింత జంతువులను రోగికి తోడు చేయుట ఇరువదియొకటవ శతాబ్దపు వేలంవెర్రి అనుకొనువారు ఈ సంగతి గమనింపవలెను. వాటివలన రోగులకు అమాయకమైన కాలక్షేపము కలుగుటయే గాక, వారిలో నిద్రాణమై ఉన్న స్నేహభావము, దయ మేల్కొనుననియు ఆయన అభిప్రాయము. రోగి ఎల్లవేళల ఇతరుల దయపై ఆధారపడి బ్రతుకువాడు. తనపై ఆధారపడిన ప్రాణి ఒకటి ఎదుట ఉన్నప్పుడు అతని స్థానము మారును. ట్యూకు గ్రంథములో నాకు విలువైనదిగా తోచినది ఈ ఆలోచన. తరువాతి పరిశోధనలు పెక్కు దీనిచుట్టునే తిరిగినవి.

నైటింగేలు 1859లో వెలువరించిన పరిచర్యా గ్రంథములో, దీర్ఘరోగులకు చిన్న పెంపుడు జంతువు మంచి తోడనియు, ఏండ్ల తరబడి ఒకే గదిలో పడియుండు రోగికి పంజరములోని పక్షియే ఒక్కొక్కప్పుడు ఏకైక సంతోషమనియు వ్రాసెను. ఏథీనా చనిపోయి అప్పటికి ఐదేండ్లు.

ఆ తరువాత చాలకాలము జంతువులు వైద్యశాలల గడప దాటలేదు. సూక్ష్మజీవుల వలన రోగములు వచ్చునని పాశ్చరు, కాక్ నిరూపించిన పిమ్మట ఆసుపత్రులకు పరిశుభ్రతయే పరమధర్మమైనది. అది న్యాయమే. 1929-30 సంవత్సరములలో పెంపుడు చిలుకల నుండి ‘సిట్టకోసిస్’ అను ఊపిరితిత్తుల వ్యాధి అర్జెంటీనా, ఐరోపా, అమెరికాలలో వ్యాపించి పలువురను బలిగొన్నది. అమెరికాలో చిన్న తాబేళ్ల నుండి పిల్లలకు సాల్మొనెల్లా సోకుచుండుటచే 1975లో నాలుగు అంగుళములకు తక్కువ చిప్పగల తాబేళ్ల విక్రయమును నిషేధించిరి. జంతువు ఓదార్పునిచ్చునని చెప్పునప్పుడు ఈ సంగతిని దాచరాదు.

జంతువులు తిరిగి చికిత్సారంగములోనికి వచ్చిన తీరు కొంత వినోదకరముగా నున్నది. న్యూయార్కులో బోరిస్ లెవిన్సన్ అను మనస్తత్వవేత్త ఉండెను. ఎవరితోను పలుకని ఒక బాలుని తలిదండ్రులు చెప్పిన సమయముకంటె ముందుగా అతని యొద్దకు తీసుకొని వచ్చిరి. ఆ సమయమున లెవిన్సన్ కుక్క ‘జింగిల్స్’ గదిలోనే ఉన్నది. అది బాలుని దగ్గరకు పోయి నాకగా, బాలుడు భయపడుటకు మారుగా దానిని నిమిరెను. క్రమముగా కుక్కతో ఆడుటకు వచ్చుచు వైద్యునితోను మాటలు కలిపెను. 1961లో లెవిన్సన్ ఈ అనుభవమును మనస్తత్వవేత్తల సభలో వివరింపగా, మీ ఫీజులో కుక్కకు ఎంత వాటా ఇచ్చుచున్నారని ఒకరు హేళన చేసిరట. మరుసటి సంవత్సరము అతని వ్యాసము అచ్చయినది. ఆ హేళన క్రమముగా అణగిపోయినది.

1975లో ఒహాయో రాష్ట్రములోని లిమా ఆసుపత్రిలో జరిగినది ఇంతకంటె చిత్రము. అది నేరము చేసిన మనోరోగులను నిర్బంధించు స్థలము. ఒకరితోనొకరు మాటలాడుటకైనను ఇష్టపడని కొందరు రోగులు గాయపడిన ఒక అడవిపక్షిని రహస్యముగా లోనికి తెచ్చి, ముంగిలిలో పురుగులను ఏరి దానికి మేపసాగిరి. ఆ పనికై వారు ఒకరికొకరు సాయపడుట సిబ్బంది గమనించిరి. డేవిడ్ లీ అను సామాజిక కార్యకర్త ఈ సూచనను పట్టుకొని, ఒక వార్డులో పెంపుడు ప్రాణులను అనుమతింపజేసి, అట్టివి లేని వార్డుతో పోల్చి చూచెను. ప్రాణులున్న వార్డులో మందుల వాడకము సగమునకు తగ్గినది, కొట్లాటలును తగ్గినవి. ఆ రోగులకు ఎవరును కుక్కను ఇచ్చియుండలేదు. కంటబడిన ప్రాణిని వారే ఎంచుకొనిరి, కాదు, దాని అవసరమే వారిని ఎంచుకొన్నది.

లెక్కలతో కూడిన పరిశోధన 1980లో వచ్చినది. ఎరికా ఫ్రీడ్మన్, ఆమె సహచరులు గుండెజబ్బుతో ఆసుపత్రిలో చేరి ఇంటికి పోయిన 92 మందిని ఒక ఏడాది గమనించిరి. పెంపుడు జంతువులున్న 53 మందిలో చనిపోయినవారు ముగ్గురు. లేని 39 మందిలో 11 మంది. అనగా మొదటి గుంపులో నూటికి ఆరుగురు, రెండవదానిలో నూటికి 28 మంది. పత్రికలు దీనిని గొప్పగా చాటినవి. కాని విద్యార్థులు ఇక్కడ కొంచెము ఆగవలెను. జంతువును పెంచగలిగినవారు మొదటినుండియు కొంత ఆరోగ్యవంతులై ఉండవచ్చును గదా! రెండు విషయములు కలసి కనబడినంతమాత్రమున ఒకటి రెండవదానికి కారణము కాదు. 2010లో ఆస్ట్రేలియాలో గుండెపోటు రోగులపై జరిగిన మరియొక పరిశోధనలో ఫలితము తలక్రిందులైనది. జంతువులున్నవారి స్థితియే అధ్వాన్నముగా ఉన్నట్లు తేలినది. ఈ రంగములో పరిశోధనలు చాల, తిరుగులేని ఫలితములు తక్కువ.

ఇక చట్టముల కథ. మొదటి ప్రపంచయుద్ధములో చూపు పోగొట్టుకొన్న సైనికులకై 1916లో జర్మనీలోని ఓల్డెన్బర్గులో దారిచూపు కుక్కల శిక్షణాలయము నెలకొన్నది. అచ్చటినుండి వచ్చిన సంప్రదాయము ప్రకారము సేవాజంతువు అనగా శిక్షణ పొందినది. గ్రుడ్డివానిని రహదారి దాటించుట వంటి ఒక నిశ్చితమైన పనిని చేయునది. ఓదార్పు జంతువునకు ఏ శిక్షణయు అక్కరలేదు. అది దగ్గర ఉండుటయే దాని పని. అమెరికాలో 1990 నాటి వికలాంగుల చట్టము క్రింద 2010లో సవరించిన నియమములు కుక్కను మాత్రమే సేవాజంతువుగా గుర్తించి, పొట్టి గుఱ్ఱములకు ప్రత్యేకముగా కొంత అవకాశమిచ్చినవి. కాని అద్దె ఇండ్లకు, విమానములకు సంబంధించిన చట్టములు వేరు. వైద్యుని ఉత్తరమున్నచో ఓదార్పు జంతువును వెంట ఉంచుకొనుటకు అవి వీలు కల్పించినవి.

సందున్నచోట వ్యాపారము ప్రవేశించును. రోగిని కన్నెత్తి చూడకుండనే రుసుము తీసుకొని ఉత్తరములు ఇచ్చువారు బయలుదేరిరి. 2014లో ఒక పందిని విమానమునుండి దింపివేసిరి. 2018 జనవరిలో నూవర్కు విమానాశ్రయమునకు ఒక స్త్రీ నెమలితో వచ్చి, తన మనశ్శాంతికి అది అవసరమనెను. విమానసంస్థ నిరాకరించినది. మన జాతీయపక్షి ఫొటో అలా లోకమంతటను పత్రికలకెక్కినది. పింఛము విప్పకున్నను నెమలి రెండు మూరల తోక ఎవరి ఒడిలో పెట్టవలెనో నాకు తోచదు. పెన్సిల్వేనియాలో ఒకరు ఆలిగేటరు అను మొసలి జాతి జంతువును ఓదార్పు జంతువుగా పెంచి దానికి పేరు తెచ్చిరి. 2023లో బేస్‌బాల్ మైదానములోనికి దానిని రానీయలేదు. 2024లో ఇల్లువిడిచి ప్రయాణములో ఉండగా అది మాయమైనది.

2020 డిసెంబరులో అమెరికా రవాణాశాఖ తన నియమములను మార్చి, విమానములలో శిక్షణ పొందిన కుక్కకు మాత్రమే సేవాజంతువు హోదా ఇచ్చినది. నిజముగా అవసరమున్న రోగులును దీనివలన నష్టపోయిరి. అద్దె ఇండ్ల విషయములో అదే ఏడు జనవరిలో వెలువడిన ప్రభుత్వ సూచనలు కొంత సూక్ష్మముగా ఉండెను. కుక్క, పిల్లి, చిన్నపక్షి, కుందేలు, చేప, తాబేలు వంటివి ఇండ్లలో మామూలుగా పెరుగునవి. కోతి, కంగారూ వంటి వింత జంతువు కావలెననువాడు అదియే ఎందుకు కావలెనో రుజువు చూపవలెను అని వాటి సారాంశము. ఈ సూచనలు ఇరుగుపొరుగు వారి క్షేమమును, రోగి అవసరమును తూచినవి. జంతువు సంగతి మాత్రము త్రాసులో పెట్టలేదు.

ఇక్కడ జీవశాస్త్రము కొంత సాయపడగలదు. మచ్చికయగుట వేరు, పెంపుడు జాతి యగుట వేరు. మచ్చిక ఒక ప్రాణి తన జీవితకాలములో నేర్చుకొనునది. దాని పిల్లకు అది సంక్రమించదు. పెంపుడు జాతి అనగా వేల సంవత్సరములలో తరతరముల ఎంపిక వలన స్వభావమే మారినది. కుక్క మనతో కనీసము పదునైదు వేల ఏండ్ల నుండి ఉన్నదని ఎముకల సాక్ష్యము. 1959లో సోవియట్ శాస్త్రజ్ఞుడు బెల్యాయెవ్ నోవోసిబిర్స్కులో ఒక ప్రయోగము ప్రారంభించెను. బొచ్చు కొరకు అంతకుముందే పెంపకములో ఉన్న వెండినక్కలలో, మనిషిని చూచి తక్కువగా బెదరు వాటినే ఏరి, వాటినే జతపరచుచు పోయెను. కొలది తరములకే తోక ఆడించుచు మనిషి చెంతకు వచ్చు నక్కపిల్లలు పుట్టినవి. స్వభావము వారసత్వముగా వచ్చునని ఇంతకంటె సుబోధకమైన ఉదాహరణము తరగతిలో చెప్పుటకు నాకు దొరకలేదు.

2015లో జపానులో జరిగిన ప్రయోగము మన ప్రశ్నకు మరింత చేరువైనది. కుక్కయు దాని యజమానియు ఒకరి కన్నులలోనికొకరు చూచుకొన్నంతసేపు ఇద్దరిలోను ఆక్సిటోసిన్ అను హార్మోను పెరిగినది. తల్లికి బిడ్డపై మమకారము కలుగుటలో పాత్ర వహించు హార్మోను అది. మనుషులు చిన్ననాటి నుండి పెంచిన తోడేళ్లతో ఇట్లు జరుగలేదు. అవి మచ్చికైనవే, తమ్ము పెంచినవారిని ఎరిగినవే. అయినను చూపులు కలుపుకొనుట వాటి స్వభావములో లేదు. అనగా కుక్క విషయములో ఓదార్పు ఇరువైపుల ప్రవహించుచున్నది. అడవిజంతువు విషయములో అది మన ఊహ మాత్రమే కావచ్చును.

ఊహ ఎంత మోసము చేయునో చూడుడు. మన తూర్పు కనుమల అడవులలోని దేవాంగపిల్లికి దగ్గరి చుట్టమైన ‘స్లో లోరిస్’ అను జంతువు ఆగ్నేయాసియాలో కలదు. చంకలో గిలిగింతలు పెట్టగా అది చేతులు పైకెత్తు చలనచిత్రము ఒకటి 2009లో ప్రచారములోనికి వచ్చి లక్షలమందిని మురిపించినది. దాని మోచేతి లోపలివైపు విషమునకు మూలమైన గ్రంథి ఉన్నది. ప్రమాదము తోచినపుడు దానిని నోటికి అందించుకొనుటకు ఆ జంతువు చేతులెత్తును. చూపరులు నవ్వుచున్న క్షణమున అది భయముతో ఆయుధము ఎత్తుచున్నది. కుందేలును వెల్లకిల పరుండబెట్టిన కదలక ఉండును. అది హాయి అనుకొందుము. వేటజంతువు నోటబడిన ప్రాణి చచ్చినట్లు పడియుండు భయస్థితియే అది. యార్కు ముంగిలిలోని డేగల మనఃస్థితిని గూర్చి ట్యూకు ఏమియు వ్రాయలేదు.

మన దేశములో ఈ ప్రశ్నకు చట్టమే కొంత సమాధానము చెప్పినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నెమలినిగాని, నక్షత్ర తాబేలునుగాని, చివరకు రామచిలుకనుగాని ఇంటిలో బంధించుట నేరము. చిలుకజోస్యము చూచుచు పెరిగిన మనకు ఇది నమ్మశక్యముగా ఉండదు. విదేశీ జాతులలో అంతర్జాతీయ ఒడంబడిక జాబితాలకెక్కిన వాటిని ఉంచుకొనువారు నమోదు చేయించుకొనవలెనని 2022 సవరణ, 2024 నియమములు విధించినవి. 2023 మార్చిలో ఉత్తరప్రదేశములో ఒక రైతు మాన్పిన సారసపక్షిని అటవీశాఖవారు తీసికొనిపోయి తుదకు కాన్పూరు జంతుశాలలో ఉంచినప్పుడు దేశమంతట చర్చ చెలరేగినది. ఆ పక్షిని అతడు కట్టివేయలేదు, బంధింపలేదు. తన ఇష్టముతోనే అతని వెంట ఎగురుచుండెను. స్వేచ్ఛగా ఎగురు పక్షిని కాపాడు పేర పంజరములో పెట్టుట చట్టమునకు సరిపోయినను, నా మనస్సునకు సరిపోలేదు.

మరి వింత జంతువు పనికిరాదనియేనా? అట్లు తీర్మానించుట తొందరపాటు. 1976లో అమెరికాలో ఒక వృద్ధాశ్రమములో కొందరికి పూలకుండీ ఇచ్చి, నీరు మీరే పోయవలెననిరి. తమ దినచర్యలో కొన్ని నిర్ణయములు కూడ వారికే విడిచిరి. మరికొందరికి కుండీ ఇచ్చి, నీరు నర్సులు పోయుదురనిరి. మొదటివారు ఎక్కువ ఉల్లాసముగా, చురుకుగా కనబడిరి. మొక్కకు కన్నులు లేవు, నాకదు, తోకయు ఆడింపదు. ఊరటలో గణనీయమైన భాగము ప్రేమింపబడుటలో గాక సంరక్షించుటలో ఉన్నదనుటకు ఇది ఒక సూచన. అట్లయినచో జంతువు పెద్దదో, అరుదైనదో, మెత్తని బొచ్చు గలదో కానక్కరలేదు. మన ఇంటిలో దాని అవసరములు అన్నియు తీరగలవా అన్నది ముఖ్యము. నెమలికి విమానములో తీరవు. మొసలికి స్నానాల తొట్టిలో తీరవు. గుడ్లగూబకు అటకపై తీరలేదు.

ఈ విషయమున నాకు తెలిసిన ప్రయోగములలో మిక్కిలి పొందికైనది దక్షిణ కొరియాలో జరిగి 2016లో ప్రచురితమైనది. అరువదియైదేండ్లు దాటిన 94 మంది వృద్ధులను చీట్లు వేసినట్లు రెండు గుంపులుగా విభజించిరి. ఇరువురకును ఆరోగ్య సలహాలు సమానమే. ఒక గుంపువారికి మాత్రము అదనముగా చిన్న పంజరములో ఐదేసి ఇలకోళ్లను, వాటికి మేతను, పెంచు పద్ధతి తెలుపు కాగితమును ఇచ్చిరి. రాత్రులు కిర్రుకిర్రుమను కీటకములే ఇవి. ఎనిమిది వారముల పిదప చూడగా ఇలకోళ్లను పెంచినవారిలో దిగులు కొంత తగ్గినది. ఆ తగ్గుదల గొప్పది కాదు, కాని కొలతకు అందినది. ఇలకోడికి ఆ పంజరములోనే మేత, నీరు, నక్కుటకు చోటు అమరును. దాని ఆయుస్సే కొలది వారములు. దానిని విమానము ఎక్కింపనక్కరలేదు, ఎవరి ఉత్తరమును అక్కరలేదు.